గుండె గీతను చదవడం నేర్పిన ఐంథోవెన్

మీ ఎడమచేతి మణికట్టు మీద, బొటనవేలి వైపున, కుడిచేతి వేళ్లు ఆనించండి. నాడి తగులుతుంది. రెండు దెబ్బల మధ్య ఎడం సమానంగా ఉందా? కొందరిలో ఈ ఎడం ఒకసారి తక్కువగా, ఒకసారి ఎక్కువగా ఉంటుంది. నాడి పట్టి చూసిన వైద్యునికి లయ తప్పిందని పూర్వం కూడా తెలిసేది. గుండెలో ఏ భాగం వల్ల తప్పిందో తెలుసుకోవడమే కష్టం. అందుకు దారి చూపిన శాస్త్రవేత్త జీవితాన్ని ఇప్పుడు తెలుసుకుందాం.

విల్లెం ఐంథోవెన్ 1860 మే 21న జావా దీవిలోని సెమరాంగ్‌లో జన్మించారు. నేటి ఇండోనేషియాలోని ఆ నగరం అప్పుడు డచ్చివారి పాలనలో ఉండేది. తండ్రి వైద్యుడు. విల్లెం చిన్నతనంలోనే ఆయన మరణించారు. 1870లో తల్లి ఆరుగురు పిల్లలతో హాలండు చేరి ఉట్రెక్ట్‌లో స్థిరపడింది. విల్లెం అక్కడే వైద్యం చదివి, 1886లో, 25 ఏళ్ల వయసులో, లైడెన్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యులయ్యారు.

గుండె కొట్టుకునేటప్పుడు స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. దానిని శరీరం పైనుంచే నమోదు చేయవచ్చని 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ చూపారు. అయితే ఆ పరికరంలోని పాదరసం నెమ్మదిగా కదిలేది. అందువల్ల గీత మొద్దుబారేది. ఐంథోవెన్ ఆ జాప్యాన్ని లెక్కకట్టి, గణితంతో సరిదిద్ది, అసలు గీతను రాబట్టారు. 1895లో దానిలోని ఎత్తుపల్లాలకు పి, క్యూ, ఆర్, ఎస్, టి అని పేర్లు పెట్టారు.

ప్రతి రోగికీ ఇంత లెక్క చేయడం సాధ్యమా? కాదు. అందుకే ఆయన తీగ గాల్వనోమీటరును తయారుచేసి 1901లో ప్రకటించారు. బలమైన అయస్కాంతం మధ్య వెండిపూత గల అతి సన్నని తీగ ఉంటుంది. గుండె విద్యుత్తుకు ఆ తీగ కదులుతుంది. దాని నీడను ఫొటో తీస్తే గీత వస్తుంది. యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు కావాలి. దానిని ఆసుపత్రికి మోసుకుపోలేరు గనుక, 1905లో ఒకటిన్నర కిలోమీటర్ల టెలిఫోను తీగ ద్వారా రోగుల గుండె సంకేతాలనే ప్రయోగశాలకు రప్పించారు. 1906లో లయ తప్పిన గుండెల గీతలను ప్రచురించారు.

గీతలో పి కర్ణికల పనిని, క్యూ, ఆర్, ఎస్ జఠరికల పనిని చూపుతాయి. పి కనిపించక, ఆర్ శిఖరాల మధ్య దూరం ప్రతిసారీ మారుతుంటే కర్ణికలు క్రమం లేకుండా అదురుతున్నాయన్నమాట. 1909లో లండన్ వైద్యుడు థామస్ లూయిస్ ఈ సంగతిని స్పష్టం చేశారు.

ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి లభించింది. 1927 సెప్టెంబరు 29న లైడెన్‌లో ఆయన మరణించారు. నేడు ఇ.సి.జి. యంత్రం చేతిలో పట్టేంత చిన్నదైంది. లెక్కలను కంప్యూటరు చేస్తోంది. అయినా అది చేసేది అదే పని: గీతలోని లోపాన్ని తొలగించడం, ఆర్ శిఖరాలను గుర్తించడం, వాటి మధ్య ఎడాన్ని కొలవడం.

మీరే చేసి చూడండి: మీ ఇంట్లో ఎవరిదైనా ఇ.సి.జి. కాగితం ఉంటే తీయండి. రెండు ఆర్ శిఖరాల మధ్య ఉన్న చిన్న గడులు లెక్కించండి. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడిచి ఉంటే, ఒక్కో చిన్న గడి 0.04 సెకను. తరువాతి శిఖరాల మధ్య కూడా అన్నే గడులున్నాయా? రోగ నిర్ణయం మాత్రం వైద్యునికే వదలండి.