ఖడ్గము విడిచి కరవుతో పోరాడిన కాటన్ దొర

ఈ నూరేండ్ల పండుగలో మన అధ్యక్ష మండలములో గుడులు కట్టినవారిని, బడులు పెట్టినవారిని తలచుకొనుట న్యాయమే. అయితే ప్రసంగపీఠమెక్కక, తన ఉద్యోగమునే దైవసేవగా ఎంచిన ఒక విశ్వాసిని కూడ జ్ఞాపకము చేసికొనవలెనని మా తలంపు. ఆయన సర్ ఆర్థర్ కాటన్. గోదావరికి ఇంత దూరాన ఛత్రినాకలో ఉన్న మేము ఆయన పేరెత్తుటకు కారణమున్నది. మనలో అనేకులు వారమంతా కచేరీలలో, దుకాణములలో, వర్క్‌షాపులలో గడుపువారమే.

కాటన్ 1803 మే 15న ఇంగ్లాండులో జన్మించారు. పదకొండుగురు అన్నదమ్ములలో పదవవారు. 1821లో ఈస్టిండియా కంపెనీ సైన్యపు ఇంజనీరుగా మద్రాసు చేరి, 1824లో మొదలైన బర్మా యుద్ధములో పోరాడారు. తరువాత కావేరి పనులకు నియమింపబడి, 1836లో కొళ్లిడం నదిపై ఆనకట్టలు కట్టి తంజావూరు పొలములకు నీరందించారు. అప్పటినుండి ఆయన పోరాటము కరవుతోనే. 1841లో టాస్మానియాలో ఎలిజబెత్ లెర్‌మంత్‌ను వివాహమాడారు.

ఆ రోజులలో గోదావరి సీమ దుస్థితి చెప్పనలవి కాదు. 1832-33 కరవు, దాని వెంట తుపానులు. 1821లో 7 లక్షల 38 వేలున్న జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఆకలిగొన్న పల్లెల ప్రక్కనుండియే నిండు నది సముద్రములో కలిసిపోతున్నది. ఇది చూచి కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కావలెనని ప్రభుత్వమునకు నివేదించారు.

1847లో పని ఆరంభమైనది. నదీగర్భమంతా ఇసుక. ఇసుకమీద కట్టడము నిలుచునా అని ఎవరికైనను సందేహమే. కావేరిపై కల్లణై కట్టిన మన పూర్వికుల పనితనమునుండి కాటన్ ఆ విద్య నేర్చుకొన్నారు. లంకల నడుమ నాలుగు భాగములుగా కట్టడము సాగింది. 1848లో ఆరోగ్యము చెడి ఆయన ఆస్ట్రేలియా వెళ్లగా, కెప్టెన్ ఓర్ పని నడిపించారు. మన తెలుగువాడు వీణెం వీరన్న కుడిభుజముగా నిలిచారు. రాళ్లు మోసిన వేలాది కూలీల పేర్లు దేవునికే తెలుసు. 1852లో ఆనకట్ట పూర్తియైనది.

కంపెనీ చూపు శిస్తుపైననే ఉన్నదన్నది చరిత్ర. అయినను కాలువల నీరు డెల్టాను అన్నపూర్ణగా మార్చింది.

1861లో ఆయనకు సర్ బిరుదు లభించింది. రైళ్లకంటె కాలువలే ముందని వాదించినందుకు స్వదేశములో విమర్శలపాలై, 1878లో పార్లమెంటు సంఘము ఎదుట జవాబు చెప్పవలసివచ్చింది. ఆయన వెనుకకు తగ్గలేదు. వృద్ధాప్యములో డార్కింగులోని తన తోటలో నేల లోతుగా త్రవ్వించి గోధుమ సాగును పరీక్షించారు. కుమార్తె ఎలిజబెత్ అదే ఊరిలో పేదల మధ్య మద్యపాన వ్యతిరేక సేవ చేసి, 1900లో తండ్రి జీవితచరిత్ర ప్రకటించింది. 1899 జూలై 24న, 96వ ఏట, కాటన్ ప్రభువునందు నిద్రించారు.

1982లో పూర్తియైన క్రొత్త బ్యారేజి ఆయన పేరే మోస్తున్నది. మతభేదము లేక గోదావరి రైతులు నేటికిని ఆయన విగ్రహమునకు దండలు వేస్తారు. యుద్ధాయుధము సేద్యపు పనిముట్టుగా మారునని యెషయా ప్రవక్త చూచిన దర్శనము ఒక మనిషి జీవితములో కొంతైనను నెరవేరగా మనము చూచాము. ఆదివారపు ఆరాధనను సోమవారపు పనిలోనికి తీసికొనిపోవుటకు ప్రభువు మనకందరికిని కృప దయచేయునుగాక. ఆమేన్.