జస్టిస్ కోకా సుబ్బారావు

1953లో కర్నూలు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని అయింది. రాజధాని, హైకోర్టు ఒకే ప్రాంతానికి దక్కరాదన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక స్ఫూర్తితో, 1954 జులైలో హైకోర్టు గుంటూరులో నెలకొన్నది. రాజధాని ముచ్చట తెలిసినంతగా మన సున్నిపెంట విద్యార్థులకు ఆ హైకోర్టు సంగతి తెలియదు. దాని తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. రాష్ట్రపతి ఉత్తర్వుకు సైతం హద్దు ఉన్నదని, ఆ హద్దును చూపవలసినది న్యాయస్థానమని విశ్వసించి, ఆ విశ్వాసాన్ని తీర్పులలో లిఖించిన తెలుగువాడాయన.

1902 జులై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించి, అక్కడనే న్యాయవాదిగా పేరు గడించి, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయినారు. గుంటూరు, హైదరాబాదుల మీదుగా 1958లో సుప్రీంకోర్టుకు చేరుకొన్నారు.

ఆయన ధైర్యానికి అసలైన పరీక్ష చైనా యుద్ధకాలంలో ఎదురైంది. 1962 అక్టోబరులో అత్యవసర పరిస్థితి ప్రకటితమైంది. దేశరక్షణ చట్టం క్రింద నిర్బంధితులైనవారు కొన్ని ప్రాథమిక హక్కులకై న్యాయస్థానాన్ని ఆశ్రయింపరాదని నవంబరు 3న రాష్ట్రపతి 359వ అధికరణం క్రింద ఉత్తర్వు జారీచేశారు. మఖన్ సింగ్ కేసులో ఈ ఉత్తర్వు ఏడుగురు న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడు 491వ సెక్షను ప్రకారం, అక్రమ నిర్బంధంలో ఉన్నవానిని విడిపించే అధికారం హైకోర్టులకు రాజ్యాంగానికి పూర్వమే ఉన్నది. ఉత్తర్వు ఆ దారిని కూడా మూసివేసినదా? ప్రాథమిక హక్కుల ఆధారంగా వచ్చినవారికి మూసివేసినదనే ఆరుగురూ 1963లో తీర్పుచెప్పారు. దురుద్దేశంతో చేసిన నిర్బంధాన్ని ప్రశ్నించే అవకాశాన్ని మాత్రం వారు మిగిల్చారు. సుబ్బారావుగారొక్కరే అంగీకరింపలేదు. రాష్ట్రపతి మూయగలిగినది రాజ్యాంగపు వాకిలినే గాని, శాసనసభలు తెరచిన వాకిలిని కాదని ఆయన వాదం. యుద్ధజ్వరం చల్లారని ఆ రోజులలో ఒంటరిగా అట్లా నిలబడటం సామాన్యం కాదు.

1966 జూన్‌లో భారత ప్రధాన న్యాయమూర్తి అయినారు. ఆ డిసెంబరులో గులాం సర్వర్ అనే విదేశీయుని కేసులో, 359వ అధికరణం క్రింది ఉత్తర్వు వివక్ష చూపుతున్నదా అని పరిశీలించే అధికారం న్యాయస్థానానికి ఉన్నదని ఆయన తీర్పు స్పష్టం చేసింది. పిటిషనును కొట్టివేసినా సూత్రం నిలిచింది. 1967 ఫిబ్రవరి నాటి గోలక్‌నాథ్ తీర్పు అందరికీ తెలిసినదే, ఇచట విస్తరింపము.

ఆ ఏప్రిల్‌లో, మూడు నెలల పదవీకాలం మిగిలి ఉండగానే, రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. ప్రత్యర్థి హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు. మే 6న జరిగిన ఎన్నికలో జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244, సుబ్బారావుగారికి 3,63,971 ఓట్లు లభించాయి. న్యాయపీఠం నుండి నేరుగా ఎన్నికల బరిలోకి దిగటం మాకు ఉచితంగా తోచదు. ఆయన పూర్వపు తీర్పులకు సైతం రాజకీయపు రంగు పులిమే అవకాశాన్ని విమర్శకులకు ఆయనే అందించారు. దానివలన తీర్పుల విలువ తగ్గినదని మాత్రం మేమనము.

1974లో అమలులోకి వచ్చిన కొత్త కోడులో 491వ సెక్షను లేదు. ఆయన చూపిన వాకిలి అట్లా చడీచప్పుడు లేకుండా మాయమైంది. 1975 జూన్ 27న రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మరల అటువంటి ఉత్తర్వే జారీచేశారు. నిర్బంధితులు హైకోర్టులలో హెబియస్ కార్పస్ కోరజాలరని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురి మాటగా తీర్పుచెప్పింది. ఈసారి ఒంటరియైనవారు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. ఎనిమిది రోజుల తరువాత, మే 6న, సుబ్బారావుగారు కన్నుమూశారు.

జీవిత, స్వేచ్ఛల హక్కును అటువంటి ఉత్తర్వుతో నిలిపివేయరాదని 1978లో 44వ సవరణ నిర్దేశించింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు 1976 నాటి తీర్పును తోసిపుచ్చారు. వ్యక్తి ఆంతరంగిక జీవితానికి రక్షణ ఉన్నదని 1962లో ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావుగారు వ్రాసిన అసమ్మతి తీర్పు సరియైనదని అదే తీర్పులో నిర్ణయించారు.