ఉప్పుతో వ్యాధిని గెలిచిన వైద్యుడు

అరకులోయకును, తూర్పు కనుమలలోని గిరిజన గ్రామములకును ఉప్పు సముద్రతీరమునుండి కొండలెక్కి రావలసినదే. వారపు సంతలో గిరిజనులు కొనుక్కొను సరకులలో ఉప్పు ముఖ్యమైనది. అట్టి ఉప్పులో ఇసుమంత అయోడిన్ చేర్చినచో వేలకొలది జీవితములు బాగుపడునని నిరూపించిన మహావైద్యులలో ఒకరు, ఆ కనుమలకు దిగువనున్న శ్రీకాకుళమున పుట్టిన తెలుగువారు. వారే డాక్టరు వులిమిరి రామలింగస్వామి.

వీరు 1921వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన జన్మించిరి. విశాఖపట్టణమందలి ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1944లో వైద్యపట్టమును పొందిరి. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయమున చేరి, పేదల తిండిలోని లోపములవలన కలుగు వ్యాధులను శోధించిరి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకేగి పరిశోధనచేసి డాక్టరు పట్టమును గూడ సంపాదించిరి.

మన కంఠమున అవటు గ్రంథి యను చిన్న గ్రంథి కలదు. దీనినే థైరాయిడ్ గ్రంథి యందురు. దీని రసము లేనిదే దేహము పెరుగదు, బుద్ధి వికసింపదు. ఆ రసము తయారగుటకు అయోడిన్ కావలయును. కొండలపై వానలు నేలలోని అయోడినును కడిగివేయును. అట్టి నేలలో పండిన తిండి తినువారి గ్రంథి ఉబ్బి గళగండమగును. గర్భిణికి అయోడిన్ చాలనిచో పుట్టెడు బిడ్డ చెవిటి, మూగ, మందబుద్ధి కావచ్చును.

ఈ గ్రంథి వాచుటకు వేఱొక కారణమును గలదు. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి గ్రంథిని రెచ్చగొట్టును. అప్పుడు రసము మితిమీరును, గుండె దడదడలాడును, కొందఱికి కంటివెనుకనున్న కండరములును కొవ్వును వాచి, కనుగ్రుడ్లు ముందునకు పొడుచుకొనివచ్చును. చూపునకే ముప్పు వాటిల్లవచ్చును. ఐర్లండు వైద్యుడు రాబర్టు గ్రేవ్స్ 1835లో దీనిని వర్ణించెను గనుక ఇది ఆయన పేర ప్రసిద్ధికెక్కినది. దీనికి ఉప్పు మందుకాదు. వెంటనే వైద్యుని చూడవలయును. కంఠము వాచినంతనే అన్నియు ఒకే వ్యాధి యని తలపరాదు.

రామలింగస్వామిగారు తమ సహచరులతో 1956లో హిమాలయముల చెంతనున్న కాంగ్రా లోయలో గొప్ప ప్రయోగమును ప్రారంభించిరి. అచ్చట సుమారు లక్షమంది జనముండిరి. ఆ ప్రదేశమును మూడు భాగములు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును పంపిరి. పోల్చి చూచినగాని సత్యము తేలదు గదా! ఏండ్లు గడచిన పిమ్మట బడిపిల్లలను పరీక్షింపగా, అయోడిన్ ఉప్పు తిన్నవారిలో గళగండము సగమో, అంతకు మించియో తగ్గినది. మామూలు ఉప్పు తిన్నవారిలో తగ్గనేలేదు. సత్యము తేలిన వెంటనే, 1962లో, ఆ మూడవ భాగమువారికిని అయోడిన్ ఉప్పు నందించిరి. అచ్చటను వ్యాధి తగ్గుముఖము పట్టినది. ఆ సంవత్సరమే భారత ప్రభుత్వము జాతీయ గళగండ నివారణ పథకమును చేపట్టినది.

తరువాత వీరు ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులైరి. 1979 మొదలు 1986 వఱకు భారత వైద్య పరిశోధనా మండలికి నాయకత్వము వహించిరి. 1986లో లండనులోని రాయల్ సొసైటీ సభ్యత్వము వీరిని వరించినది. 2001వ సంవత్సరము మే 28వ తేదీన వీరు పరమపదించిరి.

అయోడిన్ కలపని ఉప్పును తినుటకై అమ్మరాదను నిబంధన 2006నుండి దేశమంతట అమలులోనున్నది. బాలబాలికలారా! సంతలో ఉప్పు కొనునప్పుడు అయోడిన్ చేర్చినదో లేదో చూచి కొనుడు. ఇంట దానిని తడి తగులకుండ మూతవేసి యుంచుడు. చిటికెడు ఉప్పులో ఒక జాతి ఆరోగ్యమును చూడగలిగిన ఆ మహనీయుని కృషికి అదియే మనము చేయదగిన గౌరవము.