కిటికీలో వేలాడిన తాళం

హైడ్రాలిక్ ప్రెస్ గురించి మనందరం చదివాం. చిన్న పిస్టన్ మీద కొంచెం బలం, పెద్ద పిస్టన్ దగ్గర బోలెడంత బలం, మధ్యలో పాస్కల్ సూత్రం. పరీక్షలో బొమ్మ గీసి, నాలుగు ముక్కలు రాసి బయటపడతాం. పాత పుస్తకాల్లో ఆ యంత్రానికే బ్రామా ప్రెస్ అని ఇంకో పేరు కనిపిస్తుంది. ఇంతకీ ఈ బ్రామా ఎవరు అని వెతుక్కుంటూ వెళ్తే నాకు ముందు దొరికింది ప్రెస్ కాదు, ఒక తాళం. ఆ తాళం కథ తెలిశాక, జేబులోంచి తాళంచెవి తీయకుండానే తెరుచుకునే ఈ కాలపు కారు తలుపును నేను చూసే తీరే మారింది. అందుకే ఈ సంచికకు ఆయన జీవితం ఎంచుకున్నాను.

జోసెఫ్ బ్రామా 1748లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, బార్న్‌స్లీ పక్కన స్టెయిన్‌బరో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి రైతు. పిల్లాడు కూడా నాగలి పట్టాల్సినవాడే. కానీ పదహారో ఏట కాలికి పెద్ద దెబ్బ తగిలి కుంటితనం మిగిలింది. ఇక పొలం పని కుదరదని ఇంట్లోవాళ్లు వడ్రంగి దగ్గర పెట్టారు. చేతిపని పట్టుబడ్డాక బ్రామా బతుకు వెతుక్కుంటూ లండన్ బయల్దేరాడు. ఆ కాలుతోనే అంత దూరం నడిచి వెళ్లాడని చెబుతారు.

లండన్‌లో మొదట దొరికింది బీరువాలు, సామాన్లు చేసే పని. దాంతోపాటు పెద్దవాళ్ల ఇళ్లలో కొత్తగా వస్తున్న నీళ్ల మరుగుదొడ్లు బిగించే పని. అలెగ్జాండర్ కమింగ్ అనే ఆయన 1775లో వాటికి పేటెంట్ తీసుకున్నాడు. బ్రామా వాటిని బిగిస్తూ ఒక లోపం గమనించాడు. చలికాలంలో లోపలి జారుడు వాల్వు గడ్డకట్టి ఇరుక్కుపోతోంది. దాని బదులు కీలు మీద తెరుచుకుని మూసుకునే మూత పెట్టాడు. 1778లో తన పేరు మీద పేటెంట్ తీసుకున్నాడు. పెద్ద సిద్ధాంతమేమీ లేదు. రోజూ ఆ పని చేసేవాడికి అది ఎక్కడ మొరాయిస్తుందో తెలుస్తుంది, అంతే. ఆయన జీవితమంతా ఇలాగే నడిచింది అనిపిస్తుంది నాకు.

ఇక తాళం దగ్గరికి వద్దాం. ఆ రోజుల్లో తాళాల లోపల వార్డులని అడ్డుగోడల్లాంటివి ఉండేవి. ఆ అడ్డాలను తప్పించుకునే ఆకారం ఉన్న తాళంచెవి మాత్రమే లోపల తిరుగుతుంది. వినడానికి బాగానే ఉంది కదా. కానీ దొంగ ఏం చేస్తాడంటే, తాళంచెవి అంచులన్నీ అరగదీసి సన్నగా చేసుకుంటాడు. అది ఏ అడ్డానికీ తగలకుండా తిరిగిపోతుంది. ఒక్క చెవితో వీధిలోని సగం తాళాలు తెరవచ్చు. 1778లో రాబర్ట్ బారన్ దీనికి కొంత మెరుగైన ఉపాయం కనిపెట్టాడు. 1784లో బ్రామా పూర్తిగా వేరే దారి పట్టి తన తాళానికి పేటెంట్ తీసుకున్నాడు.

బ్రామా తాళంచెవి మామూలు తాళంచెవిలా ఉండదు. చిన్న గొట్టం, దాని కొసన చుట్టూ గాట్లు. ఒక్కో గాటుది ఒక్కో లోతు. తాళం లోపల ఒక గుండ్రటి డ్రమ్ము, దాని చుట్టూ నిలువు గాడులు, ప్రతి గాడిలో జారే ఒక సన్నటి రేకు, వెనక స్ప్రింగు. చెవిని లోపలికి నొక్కితే ప్రతి రేకూ తన గాటు లోతును బట్టి కొంత దూరం వెనక్కి జరుగుతుంది. అన్నీ ఎక్కడ ఆగాలో అక్కడే ఆగితే రేకుల మీది కోతలు ఒకే వరసలోకి వస్తాయి, అప్పుడు డ్రమ్ము తిరుగుతుంది. ఒక్క రేకు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా కదలదు. పైగా చెవి చిన్నది, జేబులో హాయిగా పడుతుంది. అంటే భద్రతా, సౌకర్యమూ రెండూ కావాలనే కోరిక మనతో మొదలైంది కాదు.

అయితే కాగితం మీద గీసినంత తేలిక కాదు దాన్ని తయారుచేయడం. వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా వందల తాళాలు చేయాలంటే ఆకురాయి పట్టుకున్న చేతులు చాలవు. అప్పుడు, 1789లో, వూలిచ్ ఆయుధశాలలో పనిచేస్తున్న 18 ఏళ్ల కుర్రాడు హెన్రీ మాడ్‌స్లేని బ్రామా పనిలోకి తీసుకున్నాడు. ఆ కుర్రాడు తాళపు భాగాలను కొలత తప్పకుండా కోసే యంత్రాలు తయారుచేశాడు. మన వర్క్‌షాప్‌లో లేత్ ముందు నిలబడినప్పుడల్లా మనం ఏదో ఒక రకంగా ఈ మాడ్‌స్లే శిష్యరికంలోనే ఉన్నట్టు. ఆయన పేరు లేత్ చరిత్రలో అంత పెద్దది.

తాళం మీద నమ్మకం కుదిరాక బ్రామా ఒక సాహసం చేశాడు. లండన్ పిక్కడిల్లీలోని తన దుకాణం కిటికీలో మాడ్‌స్లే చేతులతో తయారైన ఒక తాళంకప్పను వేలాడదీశాడు. దాన్ని తెరిచే పనిముట్టు చేసి తెచ్చినవాళ్లకు అక్కడికక్కడే 200 గినీలు ఇస్తానని దాని మీదే రాయించాడు. లోపల 18 రేకులు. లెక్క వేస్తే దాదాపు 47 కోట్ల అమరికలు. తాళం ఎలా పనిచేస్తుందో ఆయన దాచుకోలేదు. పేటెంట్‌లో బొమ్మలతో సహా ఉంది, దాని మీద ఒక చిన్న పుస్తకం కూడా రాశాడు. అంతా మీ ముందే ఉంది, చేతనైతే తెరవండి అన్న ధైర్యం అది.

ఇంత మెచ్చుకుంటూనే ఇంకో సంగతి కూడా చెప్పాలి. మాడ్‌స్లే జీతం వారానికి 30 షిల్లింగులు. పెళ్లయి, సంసారం పెరిగి, జీతం పెంచమని అడిగితే బ్రామా కాదన్నాడు. 1797లో మాడ్‌స్లే బయటికి వచ్చి సొంత షాపు పెట్టుకున్నాడు. నేను కూర్చుని లెక్క వేశాను. గినీ అంటే 21 షిల్లింగులు. 200 గినీలంటే 4,200 షిల్లింగులు. అంటే ఆ తాళం చేసిన మనిషికి 140 వారాల జీతం. తాళం తెరిచే అపరిచితుడికి రెండున్నరేళ్ల జీతం కిటికీలో పెట్టిన యజమానికి, తాళం చేసినవాడికి నాలుగు షిల్లింగులు పెంచడానికి మనసు రాలేదు. గొప్పవాళ్ల జీవితాల్లో ఇలాంటి చోట్ల నాకు కాసేపు ఆగాలనిపిస్తుంది.

బ్రామా మాత్రం ఆగలేదు. 1795లో హైడ్రాలిక్ ప్రెస్ పేటెంట్. అందులో నీళ్లు కారకుండా ఆపిన తోలు సీలు ఉపాయం కూడా మాడ్‌స్లేదే అంటారు. ఆ తర్వాత సారాయి దుకాణంలో కింది గదిలోని పీపాల నుంచి బీరు పైకి తోడే పంపు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోట్ల మీద వరస సంఖ్యలు అచ్చువేసే యంత్రం, చెక్కను చదును చేసే యంత్రం, కలాల మీద ఒక పేటెంట్. అన్నీ కలిపి 18. చివరికి ప్రాణం తీసింది కూడా పనే. హాంప్‌షైర్‌లోని హోల్ట్ అడవిలో తన ప్రెస్‌తో చెట్లు వేళ్లతో సహా పెకలించే పని దగ్గరుండి చూస్తూ జలుబు చేసి, అది న్యుమోనియాగా ముదిరింది. 1814 డిసెంబర్ 9న చనిపోయాడు. తర్వాత రోజుల్లో బ్రిటానియా వంతెన ఇనుప గొట్టాలను పైకెత్తింది హైడ్రాలిక్ ప్రెస్సులే.

మనిషి పోయాడు కానీ కిటికీలో తాళం అలాగే ఉంది. 60 ఏళ్లకు పైగా ఎవరూ తెరవలేదు. 1851లో లండన్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు అమెరికా నుంచి ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే తాళాల నిపుణుడు వచ్చాడు. ముందు చబ్ కంపెనీ తాళాన్ని అరగంట లోపే తెరిచాడు. తర్వాత బ్రామా దుకాణం మెట్లెక్కాడు. 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని తెరిచేశాడు. న్యాయనిర్ణేతలు ఒప్పుకున్నారు, కంపెనీ 200 గినీలు కట్టింది.

ఎలా తెరిచాడన్నది మనకు అసలు పాఠం. ఆయన 47 కోట్ల అమరికలు ప్రయత్నించలేదు. స్ప్రింగును ఒక పనిముట్టుతో నొక్కిపట్టి, డ్రమ్ము మీద కొద్దిగా తిప్పే ఒత్తిడి ఉంచాడు. అప్పుడు ఏదో ఒక రేకు మిగతావాటి కంటే బిగుసుకున్నట్టు చేతికి తెలుస్తుంది. దాన్ని సరిచేసి తర్వాతిదానికి వెళ్లడం. అంటే 47 కోట్ల సమస్య కాస్తా 18 చిన్న సమస్యలైపోయింది. లెక్క తప్పు కాదు. ఆ లెక్క వెయ్యని దారిలోంచి హాబ్స్ లోపలికి వెళ్లాడు.

ఇప్పుడు కారు దగ్గరికి రండి. 1982లో రెనో ఫ్యూగో కారుకు రిమోట్‌తో తెరిచే తలుపులు వచ్చాయి. తొలితరం రేడియో రిమోట్లు ప్రతిసారీ ఒకే కోడ్ పంపేవి. పక్కన ఉన్నవాడు దాన్ని పట్టుకుని మళ్లీ పంపితే చాలు, తలుపు తెరుచుకునేది. దానికి విరుగుడుగా నొక్కిన ప్రతిసారీ మారిపోయే రోలింగ్ కోడ్ వచ్చింది. కీలాక్ అనే పద్ధతి అలా బాగా వాడుకలోకి వచ్చింది, దాని లోపలి వివరాలు రహస్యంగా ఉంచారు. 2006లో అవి బయటపడ్డాయి. 2008లో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, చిప్పు పనిచేసేటప్పుడు తీసుకునే కరెంటులోని చిన్న చిన్న తేడాలు కొలిచి దాని రహస్య సంఖ్యను రాబట్టారు. హాబ్స్ వేలికి తగిలిన బిగుతు, వీళ్ల ఆసిలోస్కోప్ మీద గీత, రెండూ ఒకటే. తాళం తనకు తెలియకుండానే లోపలి సంగతి బయటికి చెబుతోంది.

తర్వాత వచ్చింది బటన్ కూడా నొక్కక్కర్లేని కీలెస్ ఎంట్రీ. హ్యాండిల్ మీద చెయ్యి వేయగానే కారు తక్కువ ఫ్రీక్వెన్సీలో ఒక ప్రశ్న పంపుతుంది. అది ఒకటి రెండు మీటర్లు మాత్రమే చేరుతుంది. జేబులో ఉన్న కీ దానికి సరైన జవాబు లెక్కగట్టి పంపుతుంది, తలుపు తెరుచుకుంటుంది. చేతుల్లో సంచులున్నా, వానలో తడుస్తున్నా ఎంత హాయో చెప్పక్కర్లేదు. దిగి నడిచి వెళ్లిపోతే తనంతట తనే లాక్ పడే కార్లు కూడా ఉన్నాయి. లాక్ వేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి పరుగెత్తే బాధ తప్పింది.

కానీ ఇక్కడ ఒక ఊహ దాగి ఉంది. జవాబు వచ్చిందంటే కీ దగ్గర్లోనే ఉంది అని కారు నమ్ముతోంది. 2011లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు ఎనిమిది కంపెనీల పది మోడళ్ల మీద పరీక్ష చేశారు. ఒక పరికరం కారు దగ్గర, ఇంకోటి కీ దగ్గర పెట్టి, సిగ్నల్‌ను మధ్యలో మోసుకెళ్లారు. పదికి పది తెరుచుకున్నాయి. ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ప్రశ్న నిజమైనదే, జవాబూ నిజమైనదే, దూరం ఒక్కటే అబద్ధం. తాళం వేసితిమి గొళ్ళెం మరిచితిమి అని మన పెద్దలు అనేది అచ్చంగా దీన్నే. హాబ్స్‌కు 51 గంటలు పడితే, ఈ దొంగకు నిమిషం కూడా అక్కర్లేదు.

దీనికి మందులూ ఉన్నాయి. కాసేపు కదలకపోతే నిద్రపోయే కీలు వచ్చాయి. సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని కొలిచే అల్ట్రా వైడ్‌బ్యాండ్ కీలు వచ్చాయి. నానోసెకనుకు కాంతి 30 సెంటీమీటర్లే వెళ్తుంది కాబట్టి, మధ్యలో మోసుకొచ్చిన సిగ్నల్ ఆలస్యంగా వచ్చి దొరికిపోతుంది. ఇంట్లో అలాంటి కారు ఉంటే కీని వీధి గుమ్మం పక్క కొక్కేనికి తగిలించకుండా మూత ఉన్న రేకు డబ్బాలో పెట్టమని మీ నాన్నగారికి చెప్పండి. డబ్బాలో ఉండగా కారు తెరుచుకోవట్లేదని ఒకసారి చూసుకుంటే సరి.

హాబ్స్ గెలిచాక లండన్‌లో పెద్ద గొడవే జరిగింది. తాళాల లోపాలు ఇలా బహిరంగంగా చెబితే దొంగలకు నేర్పినట్టు కాదా అని. 1853లో చార్లెస్ టామ్లిన్సన్ సంపాదకత్వంలో వచ్చిన తాళాల పుస్తకం దీనికి జవాబు చెప్పింది. దొంగలకు ఆ సంగతులు ముందే తెలుసు, తెలియనిది కొనుక్కునేవాళ్లకే అన్నది దాని వాదన. నేను ఆ పక్షమే. బ్రామా తాళం ఓడిపోయినందుకు ఆయన గౌరవం నా దృష్టిలో తగ్గలేదు. కిటికీలో పెట్టాడు కాబట్టే అది ఎక్కడ ఓడిపోతుందో లోకానికి తెలిసింది, తర్వాతి తాళాలు బాగుపడ్డాయి. గుట్టుగా ఉంచిన కీలాక్ కూడా ఓడిపోయింది, కాకపోతే అప్పటికే అది ఎన్నో కార్లలో, గ్యారేజీ తలుపుల్లో ఉంది.

ఆ పాత తాళం ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. మన దగ్గర ప్రతి ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో కనీసం రెండు ఆర్డుయినో డోర్ లాకులు, ఒక ఆర్‌ఎఫ్‌ఐడీ లాక్ ఉంటాయి. ఈసారి పెట్టేవాళ్లకు ఒక మాట. సర్క్యూట్ బొమ్మ, కోడ్ రెండూ టేబుల్ మీదే పెట్టండి. తెరిచిన జూనియర్‌కు క్యాంటీన్‌లో బిర్యానీ అని పక్కనే బోర్డు పెట్టండి. ఆ లాక్ నిజంగా సోల్డరింగ్ చేసిన టీమ్‌మేట్ పేరు కూడా ఆ బోర్డు మీద మర్చిపోకుండా రాయండి.