కొండపల్లి పొగగొట్టాల మీద కవుతరం పేరు

బెజవాడ నుంచి కొండపల్లి బొమ్మల కోసం వచ్చేవారికి ముందుగా కనిపించేవి ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. ఆ కేంద్రానికి పెట్టిన పేరు కీర్తిశేషులు డాక్టర్ నార్ల తాతారావుది.

ఆయన 1917లో గుడ్లవల్లేరు దగ్గరి కవుతరంలో జన్మించారు. పాత్రికేయులు నార్ల వెంకటేశ్వరరావు ఆయన అన్నగారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు, చికాగోలో పైచదువు పూర్తిచేశారు. అమెరికాలో స్థిరపడక తిరిగివచ్చి మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డులో పనిచేశారు. తరువాత మన రాష్ట్ర విద్యుత్ బోర్డు ఛైర్మన్ అయ్యారు.

వానలు ముఖం చాటేసిన ఏడు జలవిద్యుత్తు తగ్గుతుంది. మోటారును నమ్ముకున్న రైతుకు అదే ఏడు కరెంటు ఎక్కువ కావాలి! ఇక్కడ బొగ్గు గని లేదు గాని కృష్ణ నీరుంది, రైలు దారి ఉంది. దూరం నుంచి వచ్చిన బొగ్గును పొడిచేసి బాయిలరులో మండిస్తారు. ఆవిరి టర్బైనును తిప్పుతుంది. ఆ ఆవిరిని కృష్ణ నీటితో చల్లార్చి మళ్ళీ బాయిలరుకు పంపుతారు. ఆయన హయాంలోనే 1979లో మొదటి యూనిట్, 1980లో రెండవది నడిచాయి. ఒక్కొక్కటి 210 మెగావాట్లు, యంత్రాలు మన దేశపు భెల్ వారివి. బూడిదతో చుట్టుపక్కల ఊళ్ళు పడే బాధ కూడా ఉన్నమాటే.

1983లో పద్మశ్రీ అందుకున్న తాతారావు 2007లో కన్నుమూశారు. 2023లో అదే ఆవరణలో 800 మెగావాట్ల యూనిట్ వచ్చింది. ఆనాటి రెండూ కలిపినా అంత లేదు.