బ్రిస్టలు జార్జి ముల్లరు

చందాల పుస్తకము చేతబట్టి ఇల్లిల్లు తిరుగుట మన సంఘములలో అలవాటైన పని. అట్టి మనకు ముల్లరుగారి చరిత్ర కొంచెము ఇబ్బంది కలిగించును.

1805లో ప్రష్యాలో పుట్టిన ఈయన చిన్ననాడు తండ్రి సొమ్మునే దొంగిలించెను. 16వ ఏట సత్రపు బాకీ ఎగవేసి చెరసాల చూచెను. 1825లో హాలె పట్టణమున ఒక ఇంటి ప్రార్థన కూటములో మారుమనస్సు పొందెను. ఇంగ్లండులో సంఘ కాపరియైన పిదప 1830లో జీతము మానుకొనెను. 1836లో బ్రిస్టలులో ఒక అద్దె యింట 30మంది ఆడపిల్లల కొరకు అనాథ గృహము తెరచెను. కొరత వచ్చినప్పుడు దేవునికి తప్ప మనుష్యులకు చెప్పరాదని ఆయన నియమము.

ఆ నియమమునకు గట్టి పరీక్ష 1841 డిసెంబరులో వచ్చెను. వార్షిక సభ జరుపు వేళయైనది. పెట్టెలో పైకము అడుగంటెను. ఆ స్థితిలో లెక్కలు చదివినచో అది యాచనవలె నుండునని తలచి, సభను, నివేదికను కూడ వాయిదా వేసెను! మనమైతే ఆ సభను మరింత ముందుగానే పెట్టియుందుము.

అట్లని ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. పెన్నీ పెన్నీకి లెక్క వ్రాసి అచ్చు వేయించెను, అప్పు చేయలేదు. 1870 నాటికి ఆష్లీ డౌనులో ఐదు పెద్ద భవనములు లేచెను. 1898లో ఆయన మరణించునాటికి 10,000 పైచిలుకు అనాథలు ఆ నీడను పెరిగిరి.

ముల్లరుగారి భార్య మేరీ, ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ గారి చెల్లెలు. ఆ గ్రోవ్స్ గారి వెంటనే 1836లో బౌడెన్, బీర్ దొరలు మన దేశమునకు వచ్చి, ఏ మిషను సొసైటీ జీతమును లేకయే గోదావరి డెల్టాలో సువార్త పని సాగించిరి.