పొడవాటి గొలుసుల శాస్త్రవేత్త – హెర్మన్ స్టౌడింగర్

మహనీయుల జీవితాలు శీర్షికలో ఈసారి నేను ఒక జర్మనీ శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను. మన జామెట్రీ బాక్సులో స్కేలు, అద్దంలా కనిపించే పెన్ను గొట్టం, బాత్‌రూమ్‌లో మగ్గు, ఇవన్నీ లోపల ఎట్లా ఉంటాయో లోకానికి గట్టిగా చెప్పింది ఈయనే.

స్టౌడింగర్ 1881 మార్చి 23న వర్మ్స్ అనే ఊళ్ళో పుట్టారు. చిన్నప్పటి నుంచి మొక్కలంటే ప్రాణం. మొక్కల్ని బాగా అర్థం చేసుకోవాలంటే ముందు కెమిస్ట్రీ రావాలని పెద్దలు చెబితే అటు వెళ్ళారు. 1903లో హాలే విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందారు. కీటీన్లు అనే కొత్త రకం పదార్థాలు కనిపెట్టి పేరు తెచ్చుకున్నారు. 1912లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో ప్రొఫెసరయ్యారు.

ఆ పేరుతోనే హాయిగా బతకొచ్చు గదా! కానీ ఆయన రబ్బరు, గంజి, దూది వెంట పడ్డారు. ఇవన్నీ చిన్న చిన్న అణువులు కుప్పగా అతుక్కున్నవే అని అప్పటి పెద్దలు అనేవారు. కాదు, వేల చిన్న ముక్కలు నిజమైన రసాయన బంధాలతో ఒకదానికొకటి కలిసి ఒకే పొడవాటి అణువు అవుతాయని ఈయన 1920లో రాశారు. పూసల కుప్ప వేరు, దారానికి గుచ్చిన పూసల దండ వేరు. గొడవంతా ఇదే.

1922లో ఆయన రబ్బరుకు హైడ్రోజన్ కలిపి చూశారు. పెద్దలు చెప్పినట్టు అది కుప్పే అయితే విడిపోయి మామూలు ద్రవం రావాలి. రాలేదు. అయినా చాలామంది నమ్మలేదు. అంత పెద్ద అణువులు ఉండవు, ఆ పని మానుకో అని సలహా కూడా ఇచ్చారు. ఆయన కోపం తెచ్చుకుని కూర్చోలేదు. 1926లో ఫ్రైబుర్గ్ వెళ్ళి పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్ మీద ప్రయోగాలు పెంచారు. గొలుసు పొడవయ్యే కొద్దీ ద్రావణం చిక్కబడుతుందని కొలిచి చూపించారు. 1930ల నాటికి లోకం ఒప్పుకుంది.

ఒక్క విషయంలో ఆయన లెక్క తప్పింది. గొలుసులు కర్రల్లా బిర్రుగా ఉంటాయనుకున్నారు. నిజానికి అవి అడవిలో తీగల్లా వంగి చిక్కుపడి ఉంటాయని మిగతావాళ్ళు తేల్చారు.

మన పాత స్కేళ్ళు పుటుక్కున విరగడానికి ఈ గొలుసులు సర్దుకోవడం ఒక కారణం. పాలిస్టైరిన్‌ను కరిగించి అచ్చులో తొందరగా చల్లారుస్తారు. సుమారు 100 డిగ్రీల దగ్గర గొలుసులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. సంతకు పోయే జీపులో జనం ఎట్లపడితే అట్ల ఎక్కి, దారిలో మెల్లగా సర్దుకుంటారు చూడండి, గొలుసులు కూడా నెలలు, ఏళ్ళ తరబడి అట్లనే సర్దుకుంటాయి. మధ్య ఖాళీ కొంచెం తగ్గుతుంది. అప్పుడు వంచితే జరగడానికి చోటుండదు, విరుగుతుంది. దీన్ని ప్లాస్టిక్ ముసలితనం అనొచ్చు. ఎండకు పాడవడం వేరు, అక్కడ గొలుసులే తెగుతాయి. ఇక్కడ గొలుసు తెగదు. అందుకే మళ్ళీ 100 డిగ్రీలు దాటించి చల్లారిస్తే ఈ ముసలితనం పోతుంది. గట్టిగా నొక్కి, సాగదీసి రూపం మార్చినా సర్దుకున్న గొలుసులు కదిలి కొంత వయసు తగ్గుతుంది. ఈ సంగతులు స్టౌడింగర్ తర్వాతివాళ్ళు తేల్చారు. గొలుసు ఉందని ఆయన నిలబడకపోతే వీళ్ళకు మొదలే లేదు.

ఆయనకు యుద్ధమంటే గిట్టదు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువులు వాడటాన్ని తప్పుపట్టారు. ఆ పాత రాతలు తవ్వి, 1934లో నాజీ ప్రభుత్వం ఉద్యోగం తీసేసే వరకు తెచ్చింది. 1944 నవంబరులో బాంబులు పడి ఆయన ప్రయోగశాల నాశనమైంది. అప్పటికి వయసు 63. మళ్ళీ మొదలుపెట్టారు. భార్య మాగ్డా కూడా శాస్త్రవేత్తే, పరిశోధనలో పక్కనే నిలిచారు.

1953లో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పుడాయనకు 72 ఏళ్ళు. 1965 సెప్టెంబరు 8న ఫ్రైబుర్గ్‌లో కన్నుమూశారు.

నాకు ఈయన ఎందుకు నచ్చారంటే, ఎదుటివాళ్ళు పెద్దవాళ్ళని భయపడలేదు, అట్లని వాళ్ళను తిట్టలేదు. ప్రతిసారీ ఇంకో ప్రయోగం చేసి చూపించారు. మనం కూడా క్లాసులో డౌటు వస్తే నలుగురూ నవ్వుతారని మింగేయొద్దు. లేచి అడుగుదాం, చేసి చూద్దాం.

– మీ మిత్రుడు, 10వ తరగతి